ఎక్కుతుంది, దిగదు

“ఆ పిల్ల ఎక్కుతుంది. దిగదు,” అన్నారు కర్ణిక్ బాయి, చేతికర్ర నేలకేసి కొట్టి.

బాలికల హోం పెరట్లో నడుముకు చున్నీలు బిగించుకుని నిలబడ్డ ఆడపిల్లలందరూ ధనశ్రీ వైపు చూశారు. ధనశ్రీ మాత్రం ఆకాశం వైపు చూసింది. పదహారేళ్లకే ఆ పిల్ల నాలుగుసార్లు ఈ గోడ దూకింది. నాలుగుసార్లూ పోలీసులు తెచ్చి అప్పగించారు.

ఎల్లుండి దహీ హండీ, కృష్ణాష్టమి ఉట్ల పండగ. పేటలోని మగపిల్లల జట్లతో పాటు ఈసారి హోం ఆడపిల్లలూ నాలుగంతస్తులు కట్టి ఉట్టి కొడతారని, వాళ్లకు నేర్పుతున్న వనమాలా తాయి నలుగురిలో మాటిచ్చేసింది. బయటికి పంపాలా వద్దా అన్నది సూపరింటెండెంట్ కర్ణిక్ బాయి ఇష్టం. ఆవిడ ఈ హోంలో ఎప్పటినుంచి ఉన్నారో ఎవరికీ తెలియదు. గోడలతో పాటే ఆవిడనూ కట్టేశారని పిల్లలు చాటుగా నవ్వుకునేవారు.

“పైన ఇంకెవరినైనా పెట్టుకో,” అన్నారు బాయి.

“ఇంకెవరూ నిలవలేకపోతున్నారు బాయీ,” అంది తాయి. “ అక్కడ పట్టుకోడానికి ఏమీ ఉండదు. గాజుపెంకులు గుచ్చిన గోడని చీకట్లో ఎక్కిన పిల్ల ఇది. మీరు దాన్ని తప్పంటున్నారు. నేను పనితనం అంటాను.”

“పనితనమా! పంపు పక్కన నడుమెత్తున ఓ ఇటుక ఊడొస్తుంది. ఆ సందులో కాలు పెట్టి ఎక్కుతుంది. అవతలంతా రాళ్లు. దూకినప్పుడు కాలు మడత పడిందా, ఇక జన్మంతా అంతే.”

“అంత తెలిసినవారు సిమెంటు పెట్టించచ్చుగా?”

“బడ్జెట్ లేదు.”

ధనశ్రీ ఫక్కున నవ్వింది. “తాయీ, నా తరఫున మీరు మాట్లాడక్కర్లేదు. నన్ను మెచ్చుకున్నవాళ్లని చాలామందిని చూశా. రెండు వారాలు వస్తారు, ఫొటోలు దిగుతారు, పోతారు.”

“మెచ్చుకోడం కాదే. మొన్న పైనుంచి పడ్డావు, మోచెయ్యి చీరుకుపోయింది. మళ్లీ ఎక్కమని నేను చెప్పానా?”

ధనశ్రీ మోచేతి మీది పక్కు గీరుకుంది.

“చెప్పానా?”

“లేదు.”

“మరి నిన్ను ఎవరు ఎక్కించారు?”

ఆ పిల్ల గడ్డం కాస్త పైకి లేచింది. నేరుగా బాయి ముందుకెళ్లి నిలబడింది.

“పెరటి మధ్యలో ఎవరైనా నిలబడతారు బాయీ. ఆ గోడ పక్కనే కట్టమనండి. పైన నిలబడి సలామీ కొట్టి దిగితే ఎల్లుండి అందర్నీ పంపాలి.”

“దిగకపోతే?”

“అడగడానికి నేనిక్కడ ఉంటే కదా!”

పిల్లలు కిసుక్కుమన్నారు. ఈ పిల్ల గోడ దూకిందంటే జట్టుకు ఇదే ఆఖరి రోజు.

బాయి కర్రతో గోడ పక్కన నేల చూపించారు. “కట్టండి,” అన్నారు చివరికి.

పరుపులు పరిచారు. కుందా, బలమైన పిల్లలు మరికొందరు భుజాలు కలిపి కింద చుట్టుగా నిలబడ్డారు. వాళ్ల మీద నలుగురు, ఆ పైన ఇద్దరు. ధనశ్రీ హెల్మెట్ పెట్టుకుని వాళ్ల వీపుల మీదుగా పాకింది. సగంలోనే రెండో అంతస్తు ఊగి అందరూ కుప్పకూలారు.

“ఒసేయ్, బస్తాలా మీద పడతావేంటే!” అని అరిచింది కింద నలిగిన కుందా.

“బస్తావి నువ్వు! కదలకుండా నిలబడు!” అంటూ ధనశ్రీ మట్టి దులుపుకుని మళ్లీ ఎక్కింది.

ఈసారి నిలిచింది. గోడ ఇప్పుడు ఆమె పాదాల కన్నా కిందే ఉంది. ఒక్క దూకు చాలు. అవతల రోడ్డు మీద బస్సు వచ్చి ఆగింది. ఆమె తల అటు తిరిగింది.

బాయి కర్ర పారేసి, కుంటుకుంటూ గోడ దగ్గరికి పరుగెత్తారు. రెండు చేతులూ చాచి నిలబడ్డారు.

“చూడండ్రా, నన్ను పట్టుకోడానికి బాయి రెడీ!” అని పైనుంచి అరిచింది ధనశ్రీ.

కండక్టర్ గంట కొట్టాడు. బస్సు వెళ్లిపోయింది. ధనశ్రీ వెన్ను నిటారుగా చేసి, చెయ్యెత్తి సలామీ కొట్టింది. ఒక్కొక్క భుజం తడుముకుంటూ కిందికి దిగింది. పిల్లలు ఈలలు వేశారు. తాయి సిగ్గుపడకుండా ఏడ్చేసింది.

“ఎల్లుండి పొద్దున్నే తయారుగా ఉండండి,” అన్నారు బాయి.

ధనశ్రీ కర్ర తీసి ఆవిడ ముందు పట్టుకుంది. ఊరికే ఇచ్చేస్తే ఆ పిల్ల ధనశ్రీ ఎలా అవుతుంది?

“ఇప్పుడు నిజం చెప్పండి బాయీ. నేను పారిపోయిన ప్రతిసారీ ఆ ఇటుక మీదే కాలేశాను. తెలిసీ ఎందుకు పూడ్చలేదు? బడ్జెట్ అనకండి, గుప్పెడు సిమెంటు చాలు దానికి.”

బాయి పంపు దగ్గరికి నడిచారు. అటు చూడకుండానే ఇటుకను చేత్తో తడిమి, బయటికి లాగి, మళ్లీ దాని చోట పెట్టారు.

“నీ వయసులో దాన్ని ఊడదీసింది నేనే.”