చిటికె వేసేలోగా

“ఆలోచించకూడదు. నేను చిటికె వేసేలోగా నోటికొచ్చింది చెప్పెయ్యాలి. మన కథలో మొగుడు ఇల్లొదిలి పోతున్నాడు. పెళ్ళానికి అనుమానం రాకూడదు. ముందుగా ఏం చేరవేస్తాడు?”

“చలిబట్టలు!” అంది ఆవిడ, బీన్స్ తరుగుతూ.

రచయితగారి పద్ధతే అది. కలం పట్టేముందు భార్యను కూర్చోబెట్టి ప్రశ్నలు గుప్పిస్తాడు. ఆవిడ ఠకఠకా చెబుతుంది. ఆయన అల్లేస్తాడు. కిందటి కథకి అందరూ ఆహా ఓహో అన్నారు. అందులో మలుపు ఆవిడది, ముగింపు ఆవిడది, శాలువా మాత్రం ఆయనది. సభలో మాటవరసకైనా ఆవిడ పేరెత్తితే ఒట్టు! కట్టుకున్నవాడే ఇలా చేశాడే అని ఆవిడ ఎంత కుళ్ళి కుళ్ళి ఏడ్చిందో గోడలకే తెలుసు. మళ్ళీ చచ్చినా నోరు విప్పనంది.

“ఈసారి నా పేరు పక్కనే నీ పేరూ వేయిస్తానే,” అన్నాడు ఆయన. ఆ ఒక్క మాటకే కరిగిపోయింది పిచ్చి ఇల్లాలు.

“చలిబట్టలే ఎందుకు?”

“ఎండాకాలంలో వాటి మొహం ఎవరు చూస్తారండీ?”

“మరి పెట్టె తేలికైపోదూ?” చిటికె పడింది.

“పాత పేపర్లు కుక్కుతాడు. ఊడ్చేటప్పుడు జరిపినా తేడా తెలీదు.”

“అబ్బ! నీ బుర్రే బుర్ర!”

“పొగడ్తలకేం గానీ, ఒక్క ముక్కా రాసుకోరేం?”

“ముందు ఇక్కడ ఉడకాలి,” అని తల తట్టుకున్నాడు. “పెళ్ళానికి ఎప్పుడు తెలుస్తుంది?”

“వాడు ఊరు దాటాక! అయినా పాపం, ఆ పిల్లని అంత ఉసురు పెట్టడమెందుకు? అసలెందుకు పోతున్నాడు వాడు?”

“అది తర్వాత చూద్దాంలే.”

వేసవి పోయింది, వానలూ వెనకబట్టాయి. కథ ఉడుకుతూనే ఉంది. ఎట్టకేలకు ఒక ఉదయం సంచీ భుజాన వేసుకున్నాడు. “పత్రికాఫీసులో కథ ఇచ్చి వస్తా.”

“నా పేరు?”

“మర్చిపోతానా?”

వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఎంతైనా నా మొగుడు, రెండోసారి మోసం చెయ్యడులే అనుకుంది. ఇన్నాళ్ళ కడుపుమంటా చల్లారిపోయింది.

సాయంత్రానికి చలిగాలి తిరిగింది. రాగానే వేసుకుంటాడు కదా, స్వెట్టర్ దులిపి ఉంచుదామని మంచం కింది పెట్టె లాగింది. ఎప్పట్లాగే బరువుగా ఉంది. ఆయాసపడుతూ మూత ఎత్తింది.

నిండా పాత పేపర్లే.