స్విచ్‌కి వేసిన తాళం

"నేను రాసిచ్చింది ఇది కాదు బావా!" నిచ్చెన మీంచే అరిచాడు ఎలక్ట్రీషియన్.

రంగుల ఫ్యాక్టరీలో థిన్నరు పీపాలు పెట్టే గది అది. ఒక్క నిప్పురవ్వ చాలు, గోడలతో సహా లేచిపోతుంది. అందుకే లోపల రవ్వ పుట్టినా బయటికి రానివ్వని లైట్లు, ఇనప తొడుగున్న కేబుళ్ళు కావాలని రాసిచ్చాడు. తీరా కూలీలు బిగించాక మూత విప్పి చూస్తే, లోపల వంటింట్లో పెట్టుకునే హోల్డరు, సన్న వైరు! పైన మాత్రం బూడిదరంగు, ఖరీదైన లైటు కంపెనీ పేరున్న బిళ్ళ.

"మూసెయ్యరా," అన్నాడు కింద నిలబడ్డ కాంట్రాక్టరు, అక్క మొగుడు. "రేపు తనిఖీకొచ్చేవాళ్ళు పైపైన చూసి పోతారు."

"తెలిసే కొన్నావా?"

"మరి ఈ పని నీకే ఎందుకిచ్చాననుకున్నావు? బయటివాడైతే ఈపాటికి దండోరా వేసేవాడు."

తన పనితనం చూసే ఇచ్చాడని ఆర్నెల్లుగా కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిశాడు, పిచ్చి సన్నాసి.

నిచ్చెన దిగాడు. ఇంకా కరెంటివ్వని మెయిన్ స్విచ్‌కి తన తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. ఎవరు వేసిన తాళం వాళ్ళే తియ్యాలన్నది అక్కడి పద్ధతి.

"తియ్యరా! మీ అక్క అడిగితే ఏం చెప్పమంటావు?"

"బయటివాడెవడో తాళం వేశాడని చెప్పు."