ఎవరి ఎడమ?

"కుడికి పంపాల్సిన బళ్ళని ఎడమకి పంపావు. నీకు ఏ చెయ్యి ఏదో తెలియదా?" అని అడిగాడు ఇంజనీరు. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది అనౌన్సరుకి.

ఇంజనీరు ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. ముందున్న వంతెన మీదికి వరద నీళ్ళు వచ్చాయి. వంతెనకి ఇవతలే దారి రెండుగా చీలుతుంది. కుడివైపుది చుట్టు తిరిగి పోయే మంచి రోడ్డు. ఎడమవైపుది రాళ్ళ క్వారీలోకి పోయే మట్టిదారి. పొద్దుటి నుంచి నలభై బళ్ళు ఎంతో నమ్మకంగా ఆ మట్టిదారి పట్టి కూరుకుపోయాయి. అందులో ఒక అంబులెన్సు కూడా ఉంది. లోపలి ముసలాయన్ని నలుగురు భుజాల మీద మోసుకొచ్చి వేరే బండి ఎక్కించారు. ప్రాణానికి భయం లేదని ఇప్పుడే ఫోను వచ్చింది కాబట్టి సరిపోయింది.

వాళ్ళందరినీ అటు పంపింది అనౌన్సరు గొంతే. రోడ్డు పక్కన నిలబెట్టే చక్రాల రేడియో స్టేషను అది. కప్పు మీద సోలార్ పలకలు, లోపల ఒక కుర్చీ, ఒక మైకు, ఒక కిటికీ. ఒకసారి చెప్పి మీట నొక్కితే చాలు, అదే మాట రెండు నిమిషాలకోసారి వచ్చేపోయే బళ్ళ రేడియోల్లో మోగుతుంది. తప్పు చెప్పినా అంతే శ్రద్ధగా మోగుతుంది.

ఎలా జరిగిందో అనౌన్సరుకి అప్పటికే తెలిసిపోయింది. రోజూ ఆ కిటికీ బళ్ళు పోయే వైపే ఉంటుంది కాబట్టి తన ఎడమే వాళ్ళ ఎడమ. మూడు రోజుల మబ్బు విడిచి ఇవాళ కాస్త ఎండ వచ్చింది. పలకలకి ఎండ తగలాలని, చీలికకి కాస్త అవతల నిలబెట్టిన ఈ బండిని వెనక్కి తిప్పారు. అప్పుడు కిటికీలోంచి చూస్తే మంచి రోడ్డు ఎడమచేతి వైపు కనబడింది. కనబడింది కనబడినట్టు మైకులో చెప్పేశాడు. ఎదురుగా వచ్చేవాళ్ళకి అది కుడి అవుతుందని తట్టలేదు మహానుభావుడికి.

"చీటీ ఎవరు రాశారు?" అన్నాడు ఇంజనీరు.

దారి చూసొచ్చిన మనిషి చీటీ రాసివ్వాలి, అనౌన్సరు దాన్ని చదవాలి. సొంతంగా ఒక్క ముక్క మాట్లాడకూడదు. అది రూలు. ఇవాళ చీటీ లేదు, చూసొచ్చిన మనిషీ లేడు. పోయిన నెల ఇలాగే సొంత పైత్యం ఒకటి కలిపి చదివినందుకు ఇంకోసారి జరిగితే ఇంటికే అని ఇదే ఇంజనీరు చెప్పాడు. ఇల్లంటే మళ్ళీ మామగారి దుకాణమే. ఆయన వెనకాల సామాను సర్దుతూ అల్లుడుగారూ, అల్లుడుగారూ అని వెక్కిరింపు పిలుపులు పడటమే.

"పలకలు తుడిచే ఆవిడ సార్. పొద్దున్నే కొత్తగా వచ్చింది. చూసొచ్చి రాసిచ్చింది. రాసిందే నేను చదివాను."

"ఏదీ ఆ చీటీ?"

"గాలికి ఎగిరిపోయింది సార్."

బయట ఆకు కూడా కదలడం లేదు. ఇంజనీరు కిటికీలోంచి ఒకసారి చూసి, ఆవిడని పిలిచాడు.

ఆవిడ నిచ్చెన మీద ఉంది. అంతా వినబడే ఉంటుంది, ఆ కప్పు వట్టి రేకు. తడిగుడ్డ పట్టుకుని మెల్లగా దిగింది. అరవయ్యేళ్ళు ఉంటాయి. పొద్దున ఫ్లాస్కులోంచి సగం టీ ఇతనికి పోసి, "తాగు నాయనా, గొంతుతో పని చేసేవాడివి" అన్నది ఈవిడే. టీ తాగుతూ మామగారి దుకాణం గోడు అంతా వెళ్ళబోసుకున్నదీ ఈవిడ దగ్గరే.

"ఏమ్మా, ఎడమకి తిరగమని చీటీ రాసిచ్చింది నువ్వేనా?"

ఆవిడ అనౌన్సరు వైపు చూసింది. అతను మైకు తీగని చుట్ట చుడుతున్నాడు. చుట్టిందాన్నే విప్పి మళ్ళీ చుడుతున్నాడు.

"నేనే బాబూ," అంది.

అనౌన్సరుకి తల కొట్టేసినట్టయింది. కాదు సార్, ఆవిడ కాదు, అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. పొద్దుటి నుంచి నాలుగు మైళ్ళ దాకా వినబడ్డ గొంతు రెండడుగుల దూరానికి పెగల్లేదు. తనంత సిగ్గులేనివాడు లేడనుకున్నాడు. అనుకుని, ఊరుకున్నాడు.

రేపటి నుంచి పనికి రావద్దని ఇంజనీరు ఆవిడకి చెప్పాడు. ఆవిడ బతిమాలలేదు. సరేనని తలూపి, తడిగుడ్డ పిండి నిచ్చెన మెట్టు మీద ఆరేసింది. ఇంజనీరు సంచీలోంచి తెల్ల కాగితం, పెన్నూ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఏం చూసిందో, ఏం రాసిచ్చిందో మొత్తం తన చేత్తో రాసి సంతకం చెయ్యాలన్నాడు. పైవాళ్ళకి పంపాలి, అది లేకపోతే తన మీదికి వస్తుంది.

ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తీసుకెళ్ళి అనౌన్సరు ముందు మైకు పక్కన పెట్టింది.

"నువ్వే రాసిపెట్టు నాయనా, నాకు అక్షరం ముక్క రాదు. కింద ఎక్కడో చూపిస్తే వేలిముద్ర వేస్తాను."