రెండు మీటర్ల నీళ్ళు

"నీ పుస్తకంలో రెండు మీటర్ల నీళ్ళున్నాయిగా వదినా! ఆ బకెట్టేదో అందులోనే ముంచుకోరాదూ?"

ట్యాంకరు దగ్గర వరసలో బాల్దొమేరో ఆ మాట అనగానే మయ్తెనాల్ ఊరంతా నవ్వింది. ఎర్మిందా నవ్వలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడి, రెండు బకెట్లు నింపుకుని, చుక్క ఒలకకుండా ఇంటికి నడిచింది.

మనిషికి రోజుకు యాభై లీటర్లు. దాంట్లోనే వంట, దాంట్లోనే స్నానం, దాంట్లోనే బాల్దొమేరో అక్రోటు చెట్లకు తలా ఒక చెంబు. వాళ్ళ తాత నాటినవి అరవై. మిగిలినవి పదకొండు. ఊరి పక్కనే ఏరు. ఏరు ఉంది, నీరే లేదు.

ఆ ఏటి నీటిమట్టం చూడటమే ఎర్మిందా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే ఏడింటికి ఎగువకు నడిచి వెళ్ళి, ప్రభుత్వ కొలబద్ద మీద నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో చూసి నోటుపుస్తకంలో రాస్తుంది. నెలకోసారి ఆ కాగితాలు రాజధాని సాంతియాగోకు పంపుతుంది. ఉద్యోగంలో పెట్టిన అధికారి ఆమెకు చెప్పింది ఒకటే: "చూసింది రాయి. అనుకున్నది రాయకు." ఊరి దగ్గర ఏట్లో చూస్తే కనబడేదీ రాయే, అది వేరే సంగతి.

కొలబద్దకు దారి దోన్ ఎలియొదోరో అవకాడో తోటలోంచి. పేరులోనే దొరున్నాడు. చుట్టూ కంచె. గేటు దగ్గర రెండు కుక్కలు. ప్రభుత్వ కాగితం ఉంది కాబట్టి ఎర్మిందాను ఒక్కదాన్నే లోపలికి వదులుతారు. కంచె అవతల ఏం జరుగుతోందో ఊళ్ళో మరొకరు చూసి తొమ్మిదేళ్ళు.

బుధవారం బడిలో సభ పెట్టారు. గోడకు కట్టిన గుడ్డ మీద 'వాతావరణ మార్పులకు నదీ పరీవాహక ప్రాంత సర్దుబాటు ప్రణాళిక' అని రాసుంది. పైకి చదివేసరికే గొంతెండిపోయింది. మంచినీళ్ళు అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"సర్దుకోవడం మాకొచ్చు బాబూ, బాటే కనబడట్లేదు" అన్నాడు బాల్దొమేరో.

అందరికీ కావలసింది ఒకటే. ఏరు తగ్గుతోందని తేలితే ఊరికి లోతైన బావి వస్తుంది. తేలకపోతే రాదు.

ఇంజనీరు క్రిస్తోబల్ తెర మీద గీత చూపించాడు.

"చూడండి! పై ఊళ్ళలో పడిపోతోంది. కింది ఊళ్ళలో పడిపోతోంది. మీ దగ్గర మాత్రం తొమ్మిదేళ్ళుగా బల్లపరుపు. అడుగున ఊట ఏదో ఉండుంటుంది. ఈ నది మొత్తం మీద మీరే అదృష్టవంతులు!"

"నీ గీత బాగానే ఉందయ్యా, మా తలగీతే బాలేదు. ఏట్లో మేక గిట్ట కూడా తడవట్లేదు. రా, చూపిస్తా. పది నిమిషాల నడక" అన్నాడు బాల్దొమేరో.

"నోటిమాట ప్రణాళికలోకి ఎక్కదు పెద్దాయనా. నోటుపుస్తకం కావాలి."

"అయితే ఆ పుస్తకం అబద్ధం!"

అన్ని తలలూ ఎర్మిందా వైపు తిరిగాయి. బాల్దొమేరో బెంచీలు దాటుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. ట్యాంకరు దగ్గరి గొంతు కాదిది.

"వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా. తగ్గిందని ఒక్క మాట చెప్పు. పదకొండే మిగిలాయి."

ఆమె నీళ్ళు నమిలిందందామంటే, నమలడానికైనా నీళ్ళుండాలి కదా. సంచీలోంచి పుస్తకం తీసింది.

"జ్వరంలోనూ వెళ్ళాను. మా ఆయన పోయిన రోజూ వెళ్ళాను. కొలబద్ద మీద లేని అంకె ఒక్కటీ రాయలేదు. అందకొయ్యో మాత మీద ఒట్టు. ఈ పొద్దున రెండు మీటర్ల పద్నాలుగు."

"ఎంతకు కొన్నారే నిన్ను?" వెనక నుంచి ఎవరో అరిచారు.

"కొని ఉంటే మీ వరసలో బకెట్లు పట్టుకుని నిలబడే ఖర్మ నాకేంటి?"

ఎర్మిందా అబద్ధమాడదని ఊరందరికీ తెలుసు. ఆ నమ్మకమే కొంప ముంచింది, ముంచడానికి నీళ్ళు లేకపోయినా.

"పోనీ ఆ కొలబద్దయినా చూపించండి" అన్నాడు బాల్దొమేరో.

ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. తన బూట్లు చూసుకున్నాడు. తలుపు దగ్గర కజ్జికాయల్లాంటి వేడివేడి ఎంపనాదాల బుట్ట దింపుతున్నారు.

"ఇరవై రెండేళ్ళ కొలతలున్నాక ఇక చూసేదేముంది పెద్దాయనా?"

ప్రణాళిక అయిపోయింది. బావి పక్క లోయకు వెళ్ళింది. ఏట్లో నీళ్ళున్న ఊరికి ట్యాంకరెందుకని మార్చి నుంచి ఆపేస్తామన్నారు. మిగులు నీళ్ళలో కొత్త వాటా దోన్ ఎలియొదోరోకు రాశారు. ఊరు తన ఆశలకు నీళ్ళొదిలేసింది. వదలడానికి ఊళ్ళో ఉన్న నీళ్ళు అవొక్కటే.

మర్నాడు పొద్దున్నే తోట గేటు ముందు బాల్దొమేరో నిలబడి ఉన్నాడు.

"వదినా, ఇక అడగను. నిజంగానే ఉన్నాయా నీళ్ళు?"

"ఉన్నాయి మరిదీ."

"నీ కళ్ళతో చూశావా?"

"రోజూ చూస్తూనే ఉన్నా. బాతులు కూడా ఈదుతున్నాయి."

అతను తల ఊపి, గొడ్డలి భుజాన వేసుకుని, తన చెట్ల వైపు వెళ్ళిపోయాడు.

కాపలావాడు గేటు తీశాడు. కుక్కలు ఆమెను చూసి తోకలూపాయి. ఎర్మిందా కొండెక్కి, కళ్ళజోడు సవరించుకుని, వంగి చూసి, పుస్తకంలో రెండు మీటర్ల పద్నాలుగు అని రాసింది.

తొమ్మిదేళ్ళ కిందటి వరదకు ఏట్లోంచి కొట్టుకుపోయిన ఆ కొలబద్దను దోన్ ఎలియొదోరో వెతికించి తెప్పించి, తన సొంత ఖర్చుతో మళ్ళీ నాటించింది, కొండ మీద ప్లాస్టిక్ పరిచి కట్టించుకున్న తన తోట చెరువులో.