హనుమంతమ్మ ప్రమాణం

యావజ్జీవం అంటే బతికినన్నాళ్లూ జైల్లోనే అనుకుంది హనుమంతమ్మ. కాదట. మంచిగా నడుచుకుంటే శిక్ష తగ్గిస్తారట. లక్ష్మప్ప జైల్లో కూరగాయల తోట చూసుకున్నాడట, చదువురానివాళ్లకు అక్షరాలు దిద్దించాడట. ఆ మంచితనమంతా లెక్కగట్టి, వచ్చే జెండా పండక్కి ఇంటికి పంపిద్దామనుకుంటున్నారట.

ఈ కబురు పత్తి చేలో ఆమె చెవిన పడింది. ఒడిలో ఉన్న పత్తిని అక్కడే దులిపేసి ఇంటికొచ్చేసింది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

పెద్దకడుబూరు దగ్గరున్న ఆ ఊళ్లో, ఆమె ముందు లక్ష్మప్ప పేరెత్తడానికి ఎవరికీ నోరు రాదు. ఎట్లా వస్తుంది? ఆమెకు ఒక్కగానొక్క కూతురు మల్లేశ్వరి. ఎమ్మిగనూరులో ఇంటర్ చదివే పిల్ల. ఒక సాయంత్రం బస్సు దిగింది, ఇంటికి రాలేదు. మర్నాడు కాలువలో తేలింది. ఆ పిల్ల వెంటపడి వేధించింది లక్ష్మప్పేనని ఊరంతటికీ తెలుసు. తెలిసి ఏం లాభం? హనుమంతమ్మ మొగుడు ఈరన్న కేసు కోసం ఆదోనికి తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్నాడు. చివరికి కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరని కోర్టు కేసు కొట్టేసింది.

లక్ష్మప్ప దండ వేయించుకుని మరీ ఊళ్లోకి వచ్చాడు. టీ అంగడి ముందర నిలబడి, తనను కోర్టుకీడ్చిన ఈరన్నను బతకనివ్వనని నలుగురూ వినేట్టు అన్నాడు. వారం తిరక్కుండానే ఈరన్న తన చేని పక్కన ఎండిపోయిన బావిలో, రాళ్లమీద తల పగిలి శవమై కనిపించాడు.

ఈసారి మాత్రం చూసినవాళ్లున్నారు. హనుమంతమ్మే చూసింది. సద్ది తీసుకుని గట్టుమీద వస్తుంటే, లక్ష్మప్ప చెయ్యి తన మొగుడి భుజం మీద పడిందనీ, బావిలోకి తోసేశాడనీ పోలీసులకు చెప్పింది, కోర్టులో చెప్పింది. ప్లీడరు ఎన్ని మెలికలు తిప్పినా మాట మార్చలేదు. లక్ష్మప్ప బోనులో ఏడ్చుకుంటూ ఏమేమో చెప్పుకున్నాడు. నమ్మిన పాపాన పోయినవాడు లేడు.

ఇప్పుడు జాషువా అనే ఆఫీసరు విచారణకు వచ్చాడు. ఖైదీని గడువుకు ముందే వదలాలంటే బాధితుల మాట, ఊరి మాట కనుక్కోవాలట. ఎల్లమ్మ గుడి ముందర ఆయనకు కుర్చీ వేశారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. కిందటేడు తండ్రి చచ్చిపోతే లక్ష్మప్ప పెరోలు మీద వచ్చి, ఈ గుళ్లోనే కర్పూరం ఆర్పి, ఈరన్నను తాను తోయలేదని ప్రమాణం చేసి పోయాడు. అప్పటినుంచి ఊరు రెండుగా చీలింది. కోర్టులో అబద్ధమాడొచ్చు గానీ ఎల్లమ్మ ముందు ఎవడాడతాడు? ఆడితే వంశం మిగలదు. అందుకని పెద్దమనుషులు ఒక మాట అనుకున్నారు. హనుమంతమ్మ కూడా కర్పూరం ఆర్పాలి. ఆర్పితే లక్ష్మప్పను వదలొద్దని ఊరంతా ఒకే మాట చెబుతుంది. జంకితే వదిలేయమని చెబుతుంది.

జాషువాకు ఇది నచ్చలేదు. ప్రమాణాలతో సర్కారుకు పనిలేదు, నోటిమాటగా చెబితే చాలన్నాడు. ఆయన మాట వినేదెవరు?

ఇంతలో లక్ష్మప్ప తల్లి తడుముకుంటూ వచ్చి హనుమంతమ్మ కాళ్లు పట్టుకుంది. ముసలామె. చూపు సరిగా ఆనదు.

"నాకు వాడొక్కడే తల్లీ. నేను సచ్చేలోపల వాణ్ని ఒగసారి సూసుకుంటాను. ఇడిసిపెట్టు."

"నాకూ ఒగతే ఉండె అత్తా," అంది హనుమంతమ్మ, కాళ్లు విడిపించుకుంటూ.

పూజారి పళ్లెంలో కర్పూరం వెలిగించాడు. హనుమంతమ్మ కొంగు నడుముకు దోపుకుని ముందుకు నడిచింది.

"నా మొగుణ్ని లక్ష్మప్పే బాయిలోకి తోసినాడు. నా కండ్లతో నేను సూసినాను. ఇది అబద్ధమైతే నా వంశం నాశనమైపోనీ. నా ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేకుండా పోనీ."

మంట మీద అరచెయ్యి పెట్టి అదిమింది.

ఆడకూతురు వంశం మీద ఒట్టేసిందంటే ఇంకేం కావాలన్నారు పెద్దమనుషులు. అంతవరకూ లక్ష్మప్ప వైపు మాట్లాడినవాళ్లు కూడా లెంపలేసుకున్నారు. అభ్యంతరం ఉందని జాషువా రాసుకుని, ఊరివాళ్లచేత సంతకాలు పెట్టించుకుని జీపెక్కాడు. ముసలామెను ఎవరో రెక్క పట్టుకుని తీసుకుపోయారు. ఆమె ఏడుపు వీధి చివరిదాకా వినబడింది. ఏడవనీ, ఇంకా ఏడవనీ అనుకుంది హనుమంతమ్మ. ఇన్నేళ్లకు ఆమె కడుపు చల్లబడింది.

ఇంటికొచ్చి, కాలిన చేతికి ఇంత కొబ్బరినూనె రాసుకుంది. పొద్దుటి జొన్నరొట్టె, గోంగూర పచ్చడి ముందు పెట్టుకుని కడుపునిండా తిన్నది. గోడమీద ఈరన్న, మల్లేశ్వరి పక్కపక్కనే ఫోటోల్లో ఉన్నారు. ఆమె వంశమంతా ఆ గోడమీదే ఉంది.

మళ్లీ ఎప్పుడో ఇంకో ఆఫీసరు వస్తాడు. రానీ. ఎన్నిసార్లు వచ్చినా, ఎన్ని కర్పూరాలు వెలిగించినా ఆమె ఇదే మాట చెబుతుంది.

కూతురి కేసు పోయిందన్న దిగులుతో తనంతట తానే బావిలోకి దూకబోయిన ఈరన్నను చూసి, పక్క చేలోంచి "వద్దు ఈరన్నా" అని అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చి, భుజం పట్టి వెనక్కి లాగబోయినవాడు లక్ష్మప్పేనని మాత్రం ఎన్నటికీ చెప్పదు.