ఇరవైమూడు తుపాకులు

"మూడువేల నాలుగువందల డాలర్లు. ఒకటోసారి," అన్నాడు వేలం వేసే డ్వేన్. "ఫోన్లో ఉన్నవాళ్ళు ఇంకా పెంచుతారా?"

పక్క బల్ల దగ్గర, ఫోన్లో పాడేవాళ్ళ తరఫున, ఇద్దరమ్మాయిలు చెరో ఫోనూ చెవికి ఆనించుకుని కూర్చున్నారు. కుడివైపు అమ్మాయి చెయ్యెత్తింది. మూడువేల అయిదువందలు. వెంటనే ఎడమవైపు అమ్మాయి ఎత్తింది.

నెబ్రాస్కాలో ఓ చిన్న ఊరి సంతమైదానం షెడ్డు అది. కుర్చీల్లో ఉన్న అరవైమందీ పాట ఎప్పుడో మానేసి ఫోన్లకేసి చూస్తున్నారు. బల్లమీద, అట్టపెట్టెలో, బంగారు పూత పూసిన రైఫిలు. ఒక్కసారైనా పేల్చనిది. మూడో వరుసలో వెండెల్ ప్రొహాస్కా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రైఫిలు అతనిదే. ముందుముందు ధర పెరుగుతుందని ఏడాదికొకటి చొప్పున అలాంటివి ఇరవైమూడు కొన్నాడు. మిగతా ఇరవైరెండూ గోడవారగా వరుసగా పేర్చి ఉన్నాయి.

"నీ తుపాకీకి దెయ్యం గానీ పట్టిందా, వెండెల్?" అన్నాడు పక్కన కూర్చున్న ఎమ్మెట్. పాత తుపాకుల వ్యాపారంలో జుట్టు నెరిసినవాడు. "అది నాలుగొందలు చేస్తే గొప్ప."

"నీకు తెలియనివి కూడా కొన్ని ఉంటాయిలే."

"ఉంటాయి. కానీ తుపాకుల్లో కాదు."

ఆరువేల ఎనిమిదివందల దగ్గర కుడివైపు అమ్మాయి ఫోనులో ఏదో విని తల అడ్డంగా ఊపింది. డ్వేన్ మూడోసారి అనేసి సుత్తి కొట్టాడు. షెడ్డులో ఎవరో చప్పట్లు కొట్టారు.

వెండెల్ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. డెబ్భైఒకటో ఏట కూడా ధాన్యపు గోదాము మీదికి ఇనుపనిచ్చెన ఎక్కుతున్న మోకాళ్ళు అవి. మిగతా ఇరవైరెండింటికీ అదే ధర లెక్కేసుకుంటూ బయటికొచ్చి, తన ట్రక్కుకి ఆనుకుని, గోదాము యజమాని రాస్‌కి ఫోన్ చేశాడు.

"సోమవారం నుంచి నేను రాను, రాస్."



"వొంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఇక చాలనుకున్నా."

"మంచి పని చేశావు. నువ్వా మెట్లెక్కుతుంటే కింద నా గుండె ఆగిపోయేది. పొమ్మనడానికి నోరు రాక ఊరుకున్నా. పక్క ఊరివాడొకడు పని కోసం ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు. ఇప్పుడే రమ్మని చెప్పేస్తా."

వెండెల్ తనలో తను నవ్వుకుంటూ లోపలికొచ్చాడు. రెండో రైఫిలు అప్పటికే బల్లమీదుంది. అదే పూత, అదే పెట్టె.

"అయిదువేలతో మొదలుపెడదాం," అన్నాడు డ్వేన్.

ఎవరూ కదల్లేదు. అమ్మాయిలిద్దరూ ఫోన్లు పెట్టేసి కాఫీ తాగుతున్నారు.

"రెండువేలు. పోనీ వెయ్యి. అయిదువందలు. అయ్యా, పెట్టె ఖరీదైనా ఇవ్వండి."

వెనకనుంచి ఎవరో రెండువందల ఎనభై అన్నారు. సుత్తి పడింది. మూడోది మూడువందలకి పోయింది. నాలుగోది రెండువందల అరవైకి. పదో తుపాకీ అయ్యేసరికి జనం భోజనాలకి లేవడం మొదలుపెట్టారు.

"ఇవి తక్కువే చేశామని కంపెనీవాళ్ళు చెప్పారు నాకు," అన్నాడు వెండెల్.

"తక్కువే చేశారు," అన్నాడు ఎమ్మెట్. ఈసారి అతని మాటలో వెటకారం లేదు. "కానీ కొన్న ప్రతివాడూ నీలాగే పెట్టెలో దాచాడు. ఒక్కడూ పేల్చలేదు, ఒక్కడూ పారేసుకోలేదు. అన్నీ కొత్తవే, అన్నీ ఉన్నాయి. ఇంక కొనేదెవరు?"

ఇరవైమూడోది కూడా అయిపోయాక గుమాస్తా అమ్మాయి కాగితాలు పట్టుకొచ్చింది.

"మా కమిషను పోగా మీకొచ్చేది ఇదండీ. కొన్నవాళ్ళ దగ్గర కూడా వేరే తీసుకుంటాం, దానితో మీకు సంబంధం లేదు. ఆ మొదటి తుపాకీ కొన్నావిడ మటుకు స్వయంగా వచ్చి ప్రభుత్వం ఫారం మీద సంతకం పెట్టాలి. మీ ఇంటిపేరే ఉంది, బంధువులా?"

వెండెల్ కాగితం చూశాడు. లవాన్ ప్రొహాస్కా.

ట్రక్కులో కూర్చుని ఇంట్లో ఉన్న భార్యకి ఫోన్ చేశాడు.

"ఎందుకు చేశావు, లవాన్?"



"ఎవరూ పాడకపోతే ఏం మొహం పెట్టుకుని ఇంటికొస్తావోనని. మొదటిదానికి కాస్త ఊపొస్తే మిగతావి అవే పోతాయనుకున్నా. వెయ్యి దాకా చూసి ఆగిపోదామనే కూర్చున్నా."

"మరి?"

"అవతలివాడు ఆగలేదు. ఎవడో అంత పట్టు పడుతున్నాడంటే నువ్వు చెప్పిందే నిజమేమో అనిపించింది. ఇన్నేళ్ళూ ఆ ఇనుపముక్కల్ని చూసి ఎగతాళి చేశాను నిన్ను. ఇంక వదలబుద్ధి కాలేదు."

"డబ్బెక్కడిది?"

"మా అమ్మ నా పేర ఉంచింది."

"ఏమైనా మిగిలిందా?"

"లేదు. మిగతావి బాగానే పోయాయా?"

"పోయాయి," అన్నాడు వెండెల్. రాస్ సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఫోను పెట్టేశాడు. తాళంచెవి తిప్పబోతుంటే అది మళ్ళీ మోగింది. ఒమాహాలో నర్సుగా చేస్తున్న కూతురు జెనెల్.

"నాన్నా, అమ్మతో అనకు. నీ మొదటి తుపాకీ నేనే కొనేద్దామని కారుకి దాచిందంతా పెట్టి ఆరువేల ఏడొందల దాకా పాడాను. కానీ రెండో ఫోన్లో ఎవరో మొండిఘటం, ఎంతకీ వదల్లేదు."