నిండని విస్తరి

భర్త తద్దినం నాడు ఆయన పేరిట వేసిన విస్తరిలో ఎవరో ఒకరు కడుపునిండా తినాలన్నది వర్ధనమ్మ ఇంటి ఆనవాయితీ. ఒంట్లో అరుగుదల తగ్గించి ముసలితనాన్ని ఆపే మందు ఇంటింటికీ వచ్చాక ఊళ్ళో ఎవరికీ ఆకలి వెయ్యడం లేదు. పోయినేడు ఆ విస్తరిలో కూర్చున్న బావగారు సగం గారె తిని లేచిపోయాడు. అప్పటి నుంచి ఆమెకు మనసు మనసులో లేదు.

ఈసారి ఎవరికీ చెప్పకుండా కొన్నాళ్ళ ముందే మందు మానేసి, తానే విస్తరి ముందు కూర్చుంది.

తల్లి నుదుటి మీద ముడతలు చూసి కొడుకు భార్గవ ముఖం పాలిపోయింది.

“మందు మానేశావా అమ్మా? ఒకసారి మానితే మళ్ళీ పనిచెయ్యదని డాక్టరు చెప్పలేదూ?”

“చెప్పాడు.”

“నాలుగు గారెల కోసం చచ్చిపోతావా?”

“మీ నాన్న ఆకలికి ఆగలేని మనిషిరా. మీరంతా పిచ్చుకల్లా కెలికి లేస్తే ఆయన కడుపెట్లా నిండుతుంది?”

మోకాళ్ళు సలుపుతుంటే ఆమెకూ భయంగానే ఉంది. అయినా పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ప్రాణం లేచివచ్చినట్టయింది. విస్తరి ఖాళీ అయింది. భార్గవ గరిటె పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

“వడ్డించరా, ఇంకా నిండలేదు.”

ఆకలన్న మనిషికి లేదనడం ఆ ఇంటావంటా లేదు. భార్గవ ఏడుస్తూనే అన్నం పెట్టాడు.